రంగత్తతో ఎర్రరాతి సందులకు

భూపాలపల్లి అడవిల ఎర్రరాతి గుట్టలున్నయని, వాటి నడుమ రెండు చేతులు చాపితే రెండు గోడలు అందేటంత ఇరుకు సందులున్నయని మా జఫర్‌గఢ్‌ల చెప్తే సగం మంది నమ్మరు. మాది గుండ్ల దేశం. ఏ దిక్కు చూసినా బూడిదరంగు బండలు ఒకదాని మీద ఒకటి పడిపోతయా అన్నట్టు నిలబడి ఉంటయి. కత్తితోని నిలువుగ కోసినట్టుండే ఎర్రరాయి మా దిక్కు ఎవరు చూసినోళ్ళు లేరు. నేను చూసొచ్చిన. వచ్చినంక రాయి సంగతి ఎవరు అడుగుతలేరు, అక్కడ ఏమైందని అడుగుతుండ్రు. అడిగినోళ్ళందరికి ఒక్కొక్క తీరు చెప్పుడు కంటె, మొత్తం ఒక్కసారి రాసిపెడితె నయమనిపించింది.

నేను వరంగల్ల బీఎస్సీ చదువుతున్న. భూగర్భశాస్త్రం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల కాలేజీలు బందై మాకు ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదంత ఇంట్ల ఉండలేక పొలం కాడ తిరిగిన. బాయి తవ్వేటోళ్ళు పైకి తీసిన రాళ్ళల్ల ఒకటి తెల్లగ, ఒకటి గులాబి రంగు, ఒకటి కాకి రెక్క లెక్క మెరుస్తుంటె, ఇవి ఒక్క బాయిల నుంచే ఎట్ల వచ్చినయని అడిగిన. ఎవరు చెప్పలె. కాలేజీలు తెరిచినంక ఆ ప్రశ్న పట్టుకొని పోయి ఆ క్లాసుల చేరిన. క్లాసుల ఆడపిల్లలం ఇద్దరమే, నేను, జనగామ విజయ.

చివరి ఏడాది అందరు రాళ్ళు చూసేతందుకు యాత్రకు పోవాలె. పోకపోతె ప్రాక్టికల్ మార్కులు లేవు, మార్కులు లేకపోతె డిగ్రీ లేదు. మా ప్రిన్సిపాల్ ఆడపిల్లలకు రెండు షరతులు పెట్టిండు. వెంట ఇంటి పెద్ద ఆడమనిషి రావాలె. ఆ మనిషిని విడిచి పిల్లలు, ఈ ముగ్గురిని విడిచి వెంట వచ్చే సార్ ఎక్కడికి కదలొద్దు. విజయ వాళ్ళ అమ్మకు చంటిపిల్ల. మా అమ్మకు ఇల్లు, గొడ్లు. బాపు, "ఇగ చదివింది చాలు తియ్యి" అన్నడు. ఆ మాట అయిపోకముందే వంటింటి గడప కాడ నుంచి రంగత్త, "నేను పోత" అన్నది.

రంగత్త బాపుకు అక్క. పెండ్లైన కొన్నాళ్ళకే పెనిమిటి పోతె మా ఇంటికి వచ్చి, అప్పటి నుంచి మా ఇంట్లనే ఉన్నది. ఇంట్ల అన్నిటికంటె తక్కువ వినబడేది ఆమె గొంతు. వరంగల్ దాటి ఎన్నడు పోలె. ఆమె నోట్ల నుంచి ఆ మాట వచ్చేసరికి బాపు కాదనలేక సరే అన్నడు. ఇంకొక సంగతి చెప్పాలె. అప్పటిదాక నేను కాలేజీకి పోవాలన్నా, సెలవులకు రావాలన్నా బాపో, పాలేరో బస్సుల వచ్చి హాస్టల్ గేటు కాడ దింపేటోళ్ళు. ఒక్కదాన్ని బస్సెక్కింది లేదు. ఇప్పుడు అడవికి పోతున్న.

ఇంటెనుక బండ

వ్యాను స్టేషన్ ఘన్‌పూర్ మీదుగ మొదలు మా ఊరికే వచ్చింది. మాకు రాళ్ళ పాఠం చెప్పే మూర్తి సార్ పద్ధతి ఏందంటె, పాత రాయి కాడ మొదలువెట్టి కొత్త రాయి దిక్కు పోవాలె. అన్నిటికంటె పాత రాయి మా జఫర్‌గఢ్‌లనే ఉన్నది.

మూర్తి సార్‌ది కృష్ణా జిల్లా. ఉద్యమమప్పుడు ఆ దిక్కు నుంచి వచ్చిన సార్లు కొందరు బదిలీ చేయించుకొని పోయిన్రు. ఈయన పోలె. మేం పరీక్ష పేపర్ల "పోయినం" అని రాస్తె ఎర్రసిరాతోని కొట్టేసి "వెళ్ళాము" అని రాసేటాయన. వెక్కిరింతకు కాదు, మా మేలు కోరే దిద్దుతున్నననుకునేది. అయినా అబ్బాయిలకు అది కడుపుల మండేది. అందరికంటె మల్లేశానికి ఎక్కువ. మల్లేశంది భూపాలపల్లి దిక్కు ఊరు. ఉద్యమంల లాఠీదెబ్బలు తిన్న మనిషి. సార్ అడిగితె జవాబు చెప్పేది తప్ప, తనంత తాను సార్‌తోని ఒక్క మాట మాట్లాడింది నేను వినలె.

మా వాకిట్ల అందరు కూసొని తిన్నరు. అమ్మ కోడికూర, పప్పు, పచ్చిపులుసు చేసింది. సార్‌కు పచ్చిపులుసు తెలువదు. చారు కాచుడు మరిచిపోయిన్రనుకొని పొయ్యి దిక్కు ఒకసారి, అమ్మ దిక్కు ఒకసారి చూసిండు. ఒక బుక్క కలుపుకొని తిన్నంక మల్ల పోయించుకున్నడు.

తిన్నంక ఇంటెనుక బండ మీదికి పోయినం. రంగత్త ఏటా మిరపకాయలు ఎండబోసే బండ అది. అప్పుడు గూడ సగం బండ ఎర్రగ ఉన్నది. సార్ వంగి, ఖాళీ ఉన్న జాగల అరచెయ్యి ఆనిచ్చి, భూమి గట్టిపడిన తొలినాళ్ళ రాయి ఇదని, మేం పోయే తొవ్వల దీనికంటె పాతది దొరకదని చెప్పిండు. రంగత్త మిరపకాయలు ఒక పక్కకు జరిపి, ఆయన చెయ్యి పెట్టిన కాడ తన చెయ్యి పెట్టింది.

"మరి దీని కింద ఏమున్నది సారూ?" అని అడిగింది.

సార్ నవ్విండు. "అది ఇంకా ఎవరికీ తెలియదండీ రంగమ్మగారూ," అన్నడు.

వ్యాను కదిలినంక అత్త నా చెవిల, తనను ఇప్పటిదాక ఎవరు 'గారు' అనలేదని చెప్పింది. జరసేపటికి, వాళ్ళకు గూడ తెలువదట చూసినవా, అన్నది. ఈ రెండో మాటకే ఆమె ఎక్కువ ఖుషీ అయిందనిపించింది.

మానుకోట

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటం. మర్నాడు పొద్దుగాల అక్కడ స్టేషన్ బయట చాయకు ఆగినం. రంగత్త బయటి తిండి ముట్టదు. అందుకని యాత్ర మొత్తానికి సరిపోయేటట్టు రొట్టెలు, సకినాలు ఒక పెద్ద డబ్బాల పెట్టుకొని గుడ్డ కట్టి ఒళ్ళె పెట్టుకున్నది. చాయ గ్లాసు అందుకుందామని డబ్బా కింద పెట్టిందో లేదో, ఒక ముసలి కోతి వచ్చి గుడ్డముడితోని సహా లేపుకొని పెంకుటింటి మీదికి ఎక్కింది. ముడి విప్పి, మూత తీసి, మనుషుల తీరుగనే ఒక్కొక్క సకినం విరుచుకొని తిన్నది. అబ్బాయిలు రాళ్ళు తీసిన్రు. అత్త వద్దన్నది. తిననియ్యుండ్రి, డబ్బా పడేస్తె చాలు అన్నది. ఆ కోతి డబ్బా గూడ పడేయలె.

ఆ మధ్యాహ్నం మా తిండి బాలు వాళ్ళ తండాల. బాలు నాయక్ క్లాసుల చదువుకు ముందు, మాటకు వెనుక. ఇంట్ల మాట్లాడేది లంబాడీ. తెలుగు బడికి పోయే నేర్చుకున్నడు. పుస్తకాల తెలుగు గనుక సార్ ఎర్రసిరా వాని పేపర్ల తక్కువ పడేది. మల్లేశం దాని మీద వానిని ఏడిపిచ్చేటోడు.

తండా బయ్యారం పోయే తొవ్వకు జర లోపలికి ఉన్నది. బాలు వాళ్ళ అవ్వ అద్దాల రవిక, చేతులనిండ గాజులు, ఎండల నిలబడితె కండ్లు చెదిరేటట్టున్నది. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల నూరుడు, గోంగూర. అందరికి ఆకులు వేసి, రంగత్త ముంగట ఆగి, కొడుకును వాళ్ళ భాషల ఏదో అడిగింది. బాలు తల వంచుకున్నడు.

"ఏమంటది మీ అవ్వ?" అన్నది అత్త.

"మా ఇంట్ల తింటరా అని అడుగుతుంది."

మా ఇంట్ల పనికి వచ్చే తండా మనుషులకు వాకిట్ల అన్నం పెడుతరు గని, మా ఇంటి నుంచి తండాకు పోయి తిన్నోళ్ళు నాకు తెలిసి లేరు. నేను అత్త దిక్కు చూడలేక నా ఆకు దిక్కు చూసిన. అత్త, "మా సద్ది కోతి తీస్కపోయింది, మస్తు ఆకలైతుందని చెప్పు" అన్నది. బాలు చెప్పిండు. ఆమె పకపక నవ్వి అత్త ఆకు ముంగటనే కూసొని రొట్టె మీద రొట్టె వేసింది. అత్త వద్దనలె. ఇద్దరికి ఒకరి భాష ఒకరికి రాదు. అయినా మేం రాళ్ళు ఏరుకొని వచ్చేసరికి వాళ్ళిద్దరు ఒక్క చాట ముంగట పెట్టుకొని చింతపండు గింజలు తీస్తుండ్రు.

ఆ దిక్కు రాయంత ఇనుము. చిన్న రాయి లేపినా చెయ్యి కిందికి గుంజుతది. పొద్దుగూకేసరికి విజయ వేళ్ళు గోరింటాకు పెట్టుకున్నట్టయినయి. ఎంత కడిగినా పోలె.

రెండు ఘనపూర్లు

మా బొంతలు, దుప్పట్లు వ్యాన్ల పట్టకపోతె ముందే బస్సు మీద పంపినం. మూటకు 'ఘనపూర్' అని చీటి కట్టినం. మేం ములుగు దిక్కు ఘనపూర్‌ల దిగి ఎదురుచూస్తుంటె, ఆ మూట ఎన్నో మైళ్ళ అవతల స్టేషన్ ఘన్‌పూర్‌ల హాయిగ దిగింది. ఊరోళ్ళు మా మీద జాలిపడలె, నవ్విన్రు. వాళ్ళకు ఇది కొత్త కాదట. ఉత్తరాలు పోతయి, చుట్టాలు పోతరు, ఒకసారి పెండ్లికి పిలిచిన బ్యాండు మొత్తం ఆ ఘన్‌పూర్‌ల దిగి పిల్ల ఇల్లు ఏదని తిరిగిందట. నవ్వుడు అయినంక ఇంటికొక గొంగడి తెచ్చి బడి వరండాల వేసిన్రు. మా దిక్కు గూడ గొంగడి ఇస్తరు గని, ముందు ఎవరి పిల్లలు, ఏ ఊరు అని అడిగి ఇస్తరు. వీళ్ళు ఇచ్చినంక అడిగిన్రు.

ఇక్కడ తునికిపండ్లు ఆకు దొప్ప నిండ అయిదు పైసలకే. మా దిక్కు కండ్లకు గూడ కనబడవు. చాయ మాత్రం మా కంటె పిరం, పాలు దూరం నుంచి రావాలట.

రాయి మారింది ఇక్కడనే. బడి వెనుక నిలబడితె దూరంగ ఎర్రటి గుట్టలు గోడ కట్టినట్టు కనబడ్డయి. మూర్తి సార్ చాయ చల్లారిపోయిందాక చేతుల పట్టుకొని వాటినే చూసిండు. తర్వాత మమ్ముల కూసొబెట్టి తన మనసుల మాట చెప్పిండు. పుస్తకాలల్ల ఆ రాయి నీళ్ళు మోసిన ఇసుక అని ఉంటదట. ఆయనకు మాత్రం అది గాలి మోసిన ఇసుక అని గట్టి అనుమానం.

"ఇక్కడ ఎడారి ఉండేది," అన్నడు. "గడ్డిపరక కూడా పుట్టని కాలం నాటి ఎడారి."

మా ముంగట మోదుగుపూలు, టేకుచెట్లు. ఎడారి ఏంది సార్, అని అబ్బాయిలు నవ్విన్రు. ఆయన కోపానికి రాలె. ఆ రాతి పొరలు ఏ దిక్కు వాలినయో దిక్సూచితోని చాలా తావులల్ల కొలిస్తె గాలి ఏ దిక్కు నుంచి వీచేదో తెలుస్తదని చెప్పిండు. కాలేజీకంత ఒక్కటే మంచి దిక్సూచి. దాన్ని ఆయన వేరేటోళ్ళ చేతికి ఇయ్యకపోయేది.

పెద్ద సందు

మల్లేశం ముందు నడిచిండు. అది వాళ్ళ దిక్కు. మూడు నాలుగు సందులున్నయట, అన్నిట్ల పొడుగైనదాన్ని పెద్ద సందు అంటరు. బయట ఎండ నెత్తి పగులగొడుతున్నది. సందుల కాలు పెట్టినమో లేదో, చల్లటి బాయిల దిగినట్టయింది. రెండు పక్కల తాడిచెట్టంత ఎర్రగోడ. పైన ఆకాశం రిబ్బను పట్టీ అంత. కింద మెత్తటి ఇసుక. పైన అరుగుల కింద తేనెతుట్టెలు వేలాడుతున్నయి, గొంతులు తగ్గించుండ్రని మల్లేశం చెప్పిండు. అందరం గుసగుసలే.

గోడ మీద పొరలు అడ్డంగ లేవు. జొన్నచొప్ప కట్టలు ఒక పక్కకు వాల్చి పేర్చినట్టు ఏటవాలుగ ఉన్నయి. వాటి మీద ఇంకొక వరుస, దాని మీద ఇంకొకటి. నేను బాయి కాడ అడిగిన ప్రశ్నలకు ఎన్నడు ఇంత సాఫ్ జవాబు దొరకలె. రాయి ఎట్ల పుట్టిందో రాయి మీదనే కనబడుతున్నది. నేను గూడ కొలిచిన. నా కొలత సార్ కొలత ఒక్కటే వస్తె, "ఇక నువ్వే చెప్పు, బాలు రాసుకుంటాడు" అన్నడు. అట్ల చాలా దూరం లోపలికి పోయినం.

ఒక తావుల గోడ సందుల చెత్త ఇరుక్కొని ఉండుడు చూసిన. ఎండిన గడ్డి, వెదురుపుల్లలు, ఒక చెప్పు. చెయ్యి పైకి లేపినా అందనంత ఎత్తుల ఉన్నది. గాలి చెప్పును అంత ఎత్తుకు తీస్కపోదు. ఆ ఎత్తుదాక నీళ్ళు వచ్చినయన్నట్టు. అనుకుంటుండంగనే ఎక్కడో ఉరిమింది. పైన ఆకాశం పట్టీ రంగు మారింది.

సార్‌కు చూపించిన. ఆయన ఒకసారి తల లేపి, అది వానాకాలంల కొట్టుకొచ్చిన చెత్త అన్నడు. ఇప్పుడు ఎండకాలం, ఉరుము చాలా దూరంల ఉన్నది, ఇంక కొన్ని కొలతలైతె అయిపోతయి.

"సార్, గుట్ట మీద పడ్డ నీళ్ళన్ని ఈ సందులకే రావాలె. వేరే తొవ్వ లేదు," అన్న.

"సరోజా, ఉరుముకి భయపడితే ఈ చదువు చదవలేవు," అన్నడు. కోపంగ కాదు, బుజ్జగించినట్టు అన్నడు. అది ఇంకా ఎక్కువ తగిలింది. నాది భయం కాదు, లెక్క. ఆయన దగ్గర నేర్చుకున్న లెక్కనే.

అప్పటిదాక గోడకు వీపు ఆనిచ్చి కూసున్న రంగత్త లేచింది. నేను చూపించిన చెత్త దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"ఇది నిజమేనా బిడ్డా?" అన్నది.

"నిజమే అత్తా."

"విజయా, నువ్వు గూడ రా. పైకి నడువుండ్రి," అని, పక్కన మెట్లు మెట్లుగ ఉన్న రాయి పట్టుకొని ఎక్కుడు మొదలువెట్టింది. సార్ వద్దన్నడు. పిల్లలు నా జిమ్మ, నేను తీస్కపోతున్న, అని అత్త వెనుకకు తిరగకుంటనే చెప్పింది. మేమిద్దరం ఎక్కినం. మమ్ముల విడిచి సార్ ఉండొద్దని ప్రిన్సిపాల్ షరతు ఉండె గద. సార్ నిట్టూర్చి అబ్బాయిలందరిని ఎక్కమన్నడు. చివరికి తాను ఎక్కిండు. ఆ మెట్ల పైన మనిషెత్తు రెండింతల ఎత్తుల ఒక రాతి అరుగున్నది. అందరం ఇరుకిరుకుగ నిలబడ్డం. ఒక్క చినుకు పడలె. అబ్బాయిలల్ల ఒకరిద్దరు ముసిముసిగ నవ్విన్రు.

అప్పుడు సార్ జేబు తడుముకున్నడు. దిక్సూచి కింద రాయి మీదనే ఉండిపోయింది. ఎవరు ఆపకముందే దిగిండు.

మొదలు చప్పుడు వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్‌ల గూడ్సు బండి పోతుంటె కాళ్ళ కింద ప్లాట్‌ఫారం అదిరినట్టు అదిరింది. తర్వాత వంకర తిరిగి నీళ్ళు వచ్చినయి. నీళ్ళ తీరుగ లేవు, ఎర్రటి మన్ను, కొమ్మలు, ఆకులు ఒక్క కుప్పై దొర్లుకుంట వచ్చినయి. సార్ దిక్సూచి అందుకొని తిరుగుతుండె. నీళ్ళు మోకాళ్ళకు కొట్టి పడేసినయి. లేచిండు. గోడకున్న ఒక మొన పట్టుకున్నడు. ఇంక రెప్పపాటుల నడుము దాక వచ్చినయి.

బాలు అరుగు అంచుల బోర్ల పడుకొని చెయ్యి కిందికి చాపిండు. అందలె. మల్లేశం వాని కాళ్ళు పట్టుకొని ఇంక కిందికి వదిలిండు. అయినా అందలె. తాడు వ్యాన్ల ఉన్నది. అబ్బాయిల అంగీలు కట్టేదాక ఆగేటట్టు లేదు. అత్త ఒంటి మీద పాత నూలు చీర, పట్టి గుంజితె చినిగేది. మా ఇద్దరియి నైలాను ఓణీలు.

నేను కుచ్చిళ్ళు గుంజి ఓణీ తీసిన. ఆలోచించిన అంటె అబద్ధం. విజయ భుజం మీద కొంగు పట్టుకొని అత్త దిక్కు చూసింది. మా ఓణీ జారకుంట చూసేతందుకే అత్తను వెంట పంపిన్రు.

"నన్నేంది చూస్తవ్? తియ్యి," అన్నది అత్త.

రెండిటిని అత్తనే ముడేసింది. మోటకు తాడు ముడేసిన చేతులు అవి. మల్లేశం ఒక చివర చేతికి చుట్టుకొని ఇంకొకటి కిందికి విసిరిండు. సార్ ఒక చేత్తోని అందుకున్నడు. ఇంకొక చేతిల దిక్సూచి. రెండు చేతులు పట్టు సార్ అని మల్లేశం అరిచిండు. అదే మొదటిసారి మల్లేశం తనంత తాను సార్‌తోని మాట్లాడుడు. సార్ దిక్సూచి దిక్కు ఒకసారి చూసి విడిచిపెట్టిండు. ఓణీ రెండు చేతుల పట్టుకున్నడు. అందరం గుంజినం. నేను, విజయ, అత్త గూడ గుంజినం. నైలాను సన్నగ తాడై మల్లేశం చేతులు కోసింది. వాడు విడువలె.

సార్ అరుగు మీద పడి చాలాసేపు దగ్గిండు. అప్పుడు పైన వాన మొదలైంది, గోలీలంత వడగళ్ళతోని. కింద నేను చూపించిన చెత్త దగ్గరికి నీళ్ళు పోతున్నయి. అందరం అది చూస్తున్నం.

బాలు తన అంగీ విప్పి, ముఖం గోడ దిక్కు తిప్పుకొని, చెయ్యి వెనుకకు చాపి నాకు ఇచ్చిండు. ఇంకొక అబ్బాయి విజయకు ఇచ్చిండు. నేను గుండీలు పెట్టుకొని అత్త పక్కన కూసున్న. అత్త తన కొంగుతోని నా తల తుడిచింది.

బోర్ల క్యాంపు

నీళ్ళు ఎంత తొందరగ వచ్చినయో అంత తొందరగ పోయినయి. గుట్ట అవతల భూపాలపల్లి తొవ్వల బొగ్గు కోసం బోర్లు వేసేటోళ్ళ క్యాంపు ఉన్నదని మల్లేశం అక్కడికి తీస్కపోయిండు. నాలుగు డేరాలు, ఒక మిషను, పొడుగు కర్రపెట్టెలల్ల వరుసగ పేర్చిన రాతికడ్డీలు. డ్రిల్లరు యాదగిరన్న మమ్ముల చూసి ఏం అడగలె. మా ముగ్గురు ఆడోళ్ళకు ఒక డేరా ఖాళీ చేయించి, రెండు దుప్పట్లు పంపి, వేడివేడి కిచిడీ పెట్టించిండు. భూమిల ఎంత లోతు నుంచి తీసిన రాయో ఆ కడ్డీల మీద రాసి ఉన్నది. చివరి పెట్టెల నల్లగ మెరిసే బొగ్గు. మేం తిన్నంక యాదగిరన్న ఒక బొగ్గు ముక్క అత్త చేతుల పెట్టి, ఇది ఒకప్పుడు చెట్టు అని చెప్పిండు. ఆ పొద్దు ఆమె దేన్నైనా నమ్మేటట్టున్నది.

సార్ మల్లేశం అరచేతులకు తానే పసుపు, నూనె పెట్టి గుడ్డ కట్టిండు. తర్వాత మా డేరా ముంగటికి వచ్చి నిలబడ్డడు.

"సరోజా, ఆ చెత్త ఎత్తు నువ్వు చదివావు. నేను చూసి కూడా చదవలేదు," అన్నడు. ఇంకేమన్నా చెప్తడేమోనని చూసిన. అంతే. నాకు అది చాలనిపించింది.

అత్తతోని మాత్రం ఎక్కువసేపు మాట్లాడిండు. తాను జఫర్‌గఢ్ వచ్చి బాపుకు జరిగింది చెప్తనని, మాట పడాల్సింది తానేనని అన్నడు. ఈ లోపల అబ్బాయిలు గూడ వచ్చి, ఓణీల సంగతి మాలో ఒక్కరి నోట్ల నుంచి బయటికి రాదు అని మాట ఇచ్చిండ్రు. అత్త రెండు వద్దన్నది. మా తమ్మునికి నేను చెప్పుకుంట, దాచే పనేం చేసినం అన్నది.

మర్నాడు పొద్దున అందరం వాపసు పోతమనుకుంటె, సార్ మల్ల సందులకు పోదామన్నడు. ఆకాశం అద్దం లెక్క ఉన్నది. యాదగిరన్న తన దిక్సూచి ఇచ్చిండు. ఈసారి సార్ మొదలు నన్ను అడిగిండు, పోవచ్చునా అని. గుట్ట మీదికి ఒక అబ్బాయిని ఎక్కించి నాలుగు దిక్కుల మబ్బు చూడమన్న. లేదన్నంక పోవచ్చునన్న.

లోపల నీళ్ళు కొత్త ఇసుక పోసిపోయినయి. దాని మీద వేలెడు వెడల్పు అలలు, పొరలు సన్నగ, పట్టుకుంటె మన్ను అంటుకుంటది. పక్కన గోడల పొరలు మనిషంత పొడుగు, ఇసుక గింజలన్ని ఒక్క తీరు, మన్ను ఆనవాలు లేదు. నీళ్ళు చేసింది ఒకటి, నీళ్ళు చెయ్యనిది ఒకటి. రెండు పక్కపక్కనే. సార్ తడి ఇసుకల మోకాళ్ళ మీద కూసొని ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని ముట్టుకుంట నవ్విండు. నిన్న ఇక్కడనే సావు దాక పోయొచ్చిన మనిషి. ఆయనను చూసి మల్లేశం గూడ నవ్విండు. ఆ పొద్దు ఆకలి తెలువకుంట కొలిచినం. కొలతలన్ని ఒక్క దిక్కే చూపినయి.

ఇల్లు

మాట మా కంటె ముందు ఊరికి చేరింది. అబ్బాయిలు చెప్పలె. క్యాంపుకు వెదురు మోసే లారీ డ్రైవరు ఒకడు స్టేషన్ ఘన్‌పూర్ మనిషి. డేరా ముంగట మగ అంగీలు తొడుక్కొని కూసున్న ఆడపిల్లలను చూసిండు, సంగతి అడిగి తెలుసుకున్నడు, దారిపొడుగున చెప్పుకుంట వచ్చిండు.

మేం పోయేసరికి బాపు వాకిట్ల మంచం మీద కూసొని ఉన్నడు. అమ్మ గడప దాటి రాలె. బాపు నా దిక్కు చూడలె. పరీక్షలు ఇంక దగ్గర్లనే ఉన్నయి. బాపు ఒక్క మాటతోని చదువు ఆపగలడు. ఆపితె అడిగేటోళ్ళు లేరు.

"అక్కా," అన్నడు, "ఓణీలు తియ్యమని నువ్వే అన్నవా?"

నాది అత్త అనకముందే నేను తీసిన. ఆ మాట చెప్దామని నోరు తెరిచిన. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనే అన్న. మనిషి నీళ్ళల్ల పోతున్నడు. ఆ సారు తల్లి ఎక్కడో కృష్ణ ఒడ్డున కూసొని కొడుకు కోసం చూస్తుంటది. రేపు ఆమె వచ్చి అడిగితె ఏం చెప్పాలె నేను? ఓణీ జారుతదని ఊకున్ననని చెప్పాలెనా?"

అత్త ఇంక చెప్పింది. పిల్ల నీళ్ళ జాడ గోడ మీద చూసి చెప్పకపోతె అందరు పోతుండె అన్నది. సారు వినలె, పిల్ల భయపడలె అన్నది. బాపుకు అక్క అంత పొడుగు మాట్లాడుడు వినుడే కొత్త. తల వంచుకొని విన్నడు. అంత విన్నంక, సారు ఇప్పుడు బాగున్నడా అని అడిగిండు. బాగున్నడని చెప్పినం. అమ్మ అప్పుడు బయటికి వచ్చి మాకు నీళ్ళు ఇచ్చింది.

అన్నాలు తిన్నంక బాపు చెయ్యి కడుక్కుంట, రేపు పొద్దుగాల పిల్ల కాలేజీకి పోవాలె గద అన్నడు. "నువ్వు వెంట పోతవా అక్కా, నన్ను పొమ్మంటవా?"

అత్త ఎంగిలి ఆకులు ఎత్తుతున్నది. తల లేపలె.

"ఎందుకు? ఒక్కతె పోతది," అన్నది.

బాపు నా దిక్కు చూసిండు. నేను చూపు దించలె. ఆయన తువ్వాల దులిపి భుజం మీద వేసుకొని, సరే, పొద్దుగాల లేపుండ్రి, అని పడుకునేతందుకు పోయిండు.

మర్నాడు పొద్దుగాల బస్సుల కిటికీ పక్క సీటుల కూసున్న. కండక్టరు మా ఊరి తొవ్వల పాతోడు, నేను ఎక్కినప్పుడల్ల చూసేటోడే. చూపు గూడ తిప్పకుంట రెండు టికెట్లు చింపబోయిండు.

"ఒక్కటే," అన్న.